దొరికినదల్లా నాదే అన్న జాబితా

ఒక్క మీట నొక్కి వడ్డాదిలో పదకొండు మంది చెరకు రైతులను మాయం చేసిన ఘనుణ్ణి నేను. కంగారు పడకండి, మనుషులు క్షేమమే. నేను వాళ్ళను మాయం చేసిన ఆ మధ్యాహ్నం వాళ్ళు కడుపునిండా అన్నం తిని, చుట్ట కాల్చుకుని, హాయిగా కునుకు తీశారు. పోయినవి వాళ్ళ పేర్లు. అయితే కోతల రోజుల్లో సంఘం జాబితాలో పేరు లేని చెరకు రైతు, శుభలేఖలో పేరు లేని పెళ్ళికొడుకు లాంటివాడు. ముహూర్తం ఆగదు, వాయిద్యాలు ఆగవు, అతనొక్కడే ఆగిపోతాడు.

ముందు మా గురించి రెండు ముక్కలు చెప్పాలి. చోడవరం చుట్టుపక్కల మమ్మల్ని ఇప్పటికీ దివాణంవారు అంటారు. దివాణం పోయింది, వారు మిగిలాం. మా తాతలు నేతులు తాగిన మాట వాస్తవం. ఆ నేతి వాసన నా మూతికి ఉందో లేదో తెలియదుగాని, మిగిలిన ఆస్తి మాత్రం మూడే: తుప్పు పట్టిన కత్తి ఒకటి, గుమ్మం ముందు ఏనుగును కట్టే రాయి ఒకటి, వంగని వెన్ను ఒకటి. కత్తితో మా అమ్మ పనసకాయలు కొట్టేది. రాయికి నా పాత మోపెడ్‌ను గొలుసుతో కట్టేవాణ్ణి. వెన్నుతోనే, ఇరవై ఆరేళ్ళ వయసులో, ఏం చేయాలో తెలిసేది కాదు. సంఘం ఆఫీసులో నాకిచ్చిన ప్లాస్టిక్ కుర్చీకి వీపు విరిగి ఉండేది. అది విరిగిందన్న సంగతి నాకు ఆరు నెలల తరవాత తెలిసింది. ఆనుకుంటేగా!

ఆ సంఘం చెరకు రైతులది. రైతు వచ్చి తోట నమోదు చేయించుకుంటాడు. వరస నంబరు వేసిన చీటీ అతని చేతికిస్తారు. వరస వచ్చినప్పుడు కోత ముఠా తోటకు వెళుతుంది. పూత వచ్చిన చెరకు నిలబడి ఎండిపోతుంది కాబట్టి దాన్ని ముందు కోయాలి. ఇంతే పని. దీనికి సెక్రటరీ గౌరీనాయుడుగారు రోజంతా బైండు పుస్తకం తిరగేస్తూ, కండువాతో నుదురు తుడుచుకుంటూ ఉండేవారు.

నేను విశాఖపట్నంలో డెల్ఫీ అనే కంప్యూటరు భాష నేర్చుకుని వచ్చాను. వచ్చీ రాగానే ఆ బైండు పుస్తకాన్ని పాత సామాన్లవాడికి వేయించేశాను. ఎంత తూకం వచ్చిందో అడగకండి, పరువు తూకం ముందు అదెంత. దాని స్థానంలో ఒక జాబితా నిర్మించాను. డెల్ఫీలో ఒక సుగుణం ఉంది. జాబితా అచ్చు ఒకటే, అందులో రైతులను పెట్టుకోవచ్చు, బళ్ళను పెట్టుకోవచ్చు, మీరు కోరితే పనసకాయలను పెట్టుకోవచ్చు. వెతకడం మరీ సొగసు. ప్రశ్నను మనమే తయారుచేసి జాబితా చేతికి ఇవ్వవచ్చు. ఆ ప్రశ్నను ప్రెడికేట్ అంటారు.

పక్క బల్ల దగ్గర పేర్లు ఎక్కించే రమణమ్మ నా తెర వైపు తొంగిచూసింది. ఆమెది కె.కోటపాడు. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్దది.

"ఇదేటి రాజుగారూ, ఒక్క మనిషిని ఎతకడానికి ఇన్ని రాతలా? నానైతే గుమ్మంలో నిలబడి కేకేస్తాను."

"కేకలు వేయడం మా ఇంటా వంటా లేదు రమణమ్మగారూ. ఇది బంట్రోతు లాంటిది. వరసలో ఉన్న ప్రతి రైతు దగ్గరకూ వెళ్ళి ఒకే ప్రశ్న అడుగుతుంది. అవునన్నవాణ్ణి లోపలి చావడిలో కూర్చోబెడుతుంది. కాదన్నవాణ్ణి అక్కడే వదిలేస్తుంది. ప్రశ్న ఏమిటన్నది నా ఇష్టం."

"మరి ఆ బంట్రోతుకి జీతమో?"

"జీతం లేదు."

"మీ దివాణంలో కూడా అంతేనని మా తాత అనీవోడులెండి."

వినిపించుకోలేదు. వెన్ను నిటారుగా ఉన్నవాడికి చెవులు కొంచెం ఎత్తులో ఉంటాయి, కింది మాటలు అందవు.

ఇక్కడ ఒక్క సంగతి గుర్తుపెట్టుకోండి. దొరికినవాళ్ళను కూర్చోబెట్టే ఆ చావడి కూడా ఒక జాబితాయే. దాన్ని కట్టేటప్పుడు డెల్ఫీకి ఒక మాట చెప్పాలి: లోపల కూర్చున్నవాళ్ళ మీద ఈ జాబితాకు హక్కు ఉందా, లేదా? ఉంటే ట్రూ, లేకపోతే ఫాల్స్. మనం నోరు విప్పకపోతే ఉందనే అనుకుంటుంది. నేను నోరు మూసుకుని ఊరుకున్నా అదే ప్రమాదం జరిగేది. కానీ ఊరుకోవడం మా రక్తంలో లేదు. హక్కు లేదని రాసి, రాసి, రాసిచ్చే కదా మావాళ్ళు ఆస్తంతా పోగొట్టుకున్నారు! నాతోనైనా అది ఆగాలని మీసం మీద చేయి వేసి, ట్రూ అని స్వహస్తాలతో కొట్టాను. హక్కు ఉంటే ఏమవుతుందన్న పేరా చదవలేదు. హక్కు గురించి దివాణంవారికి పుస్తకం చెప్పాలా?

మర్నాడు ప్రదర్శన. గౌరీనాయుడుగారు కొత్త కండువా వేసుకుని వచ్చారు.

"బాబూ, వడ్డాదిలో పూత తీసీసిన కార్శి తోటలు, ఇంకా కొయ్యనియి, ఎన్నున్నాయో సెప్పగలదా మీ పెట్టె?"

కార్శి తోట అంటే కిందటేడు నరికిన మోళ్ళ నుంచి మళ్ళీ మొలిచినది. నేను చిరునవ్వు నవ్వి, ఊరు వడ్డాదా, కార్శియా, పూత వచ్చిందా, కోత కాలేదా అని నాలుగు ముక్కలు కలిపి ఒకే ప్రశ్నగా అల్లి, బంట్రోతును పంపించాను. రెప్పపాటులో పదకొండు పేర్లు తెర మీదకు వచ్చాయి. అందులో మొదటి పేరు నూకాలమ్మ, ఎకరన్నర.

"ఓరి నాయనో! నానైతే రెండ్రోజులు తిరిగీవోణ్ణి" అన్నారు నాయుడుగారు. "ఏదీ, ఒక ప్రింటు తీసీయండి. ముఠా మేస్త్రీ వస్తన్నాడు, ఆడి సేతిలో పెట్టీద్దాం."

"కాగితం ఎందుకు నాయుడుగారూ? కాగితాల వల్లనే మా వంశం ఇలా అయింది. కావలసినప్పుడు మీట నొక్కడమే" అని, రాజసంగా తెర మీది ఆ కిటికీ మూసేశాను.

చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికారని సామెత. నేను ఊరంతా వెతికి, దొరికిన పిల్లలను వరసగా నూతిలో వేశాను. ఆ సంగతి ఇంకా నాకు తెలియదు. టీ తాగుతున్నాను.

మేస్త్రీ వచ్చాడు. మళ్ళీ నొక్కాను. అదే ప్రశ్న, అదే బంట్రోతు. తెర మీద ఒక్క పేరూ లేదు.

"ఏటి బాబూ, ఖాళీగున్నాది?" అన్నారు నాయుడుగారు.

ఇప్పుడైతే తెలియదు అంటాను. ఆ వయసులో ఆ మాట నా నోటికి తిరిగేది కాదు. "ఖాళీగా ఉందంటే పని లేదని అర్థం. కంప్యూటరు ఎప్పటికప్పుడు తాజా సంగతి చెబుతుంది" అన్నాను.

"టీ తాగీలోపల పదకొండు తోటలు కోసీసినారేటి?" అంది రమణమ్మ.

"రమణమ్మగారూ, కొన్ని విషయాలు చదువుకున్నవాళ్ళకు వదిలేయాలి."

నాయుడుగారు నా వైపు, తెర వైపు, మేస్త్రీ వైపు చూశారు. ఆయన తండ్రి మా తాతగారి మాటకు ఎదురు చెప్పలేదట. ఆ అలవాటు ఆ రోజు వడ్డాది ప్రాణం మీదకు వచ్చింది. "సరే మేస్త్రీ. దివాణంవారి బాబు సెప్తన్నారు కదా. రేపు పొద్దున్న బుచ్చయ్యపేట ఎల్లిపో" అన్నారు.

మధ్యాహ్నం రమణమ్మ కె.కోటపాడు నుంచి వచ్చిన నలుగురు కొత్త రైతుల పేర్లు ఎక్కించింది. సాయంత్రం నేను జాబితాను భద్రపరిచాను. పాత కాపీ మీదే కొత్త కాపీ. రెండు కాపీలు ఉంచుకోవడం అనుమానం ఉన్నవాళ్ళు చేసే పని అని నా నమ్మకం.

మర్నాడు తొమ్మిదింటికి ఒక ముసలావిడ గుమ్మంలోకి వచ్చి, పైట కొంగు ముడి విప్పి చీటీ నా బల్ల మీద పెట్టింది.

"బాబూ, నాను వడ్డాది నూకాలమ్మని. ముఠా మా తోట ముందు నుంచే ఎల్లిపోనాది. నాను సెయ్యెత్తేను. ఆళ్ళు కూడా సెయ్యెత్తి ఊపుకుంటూ ఎల్లిపోయేరు."

చీటీ నంబరు ముప్పై నాలుగు. కొట్టాను. తెర మీద 'సింహాచలం, కె.కోటపాడు' అని వచ్చింది.

"మీ పేరు సింహాచలం అని ఉందే?"

"సింహాచలం ఎల్లొచ్చేను గాని, సింహాచలం అయిపోలేదు బాబూ."

జాబితా మొత్తం తెరిచాను. నిన్న వచ్చిన కె.కోటపాడువాళ్ళు నలుగురూ రెండేసి చోట్ల ఉన్నారు, వాళ్ళ వాళ్ళ చోట ఒకసారి, వడ్డాదివాళ్ళ చోట ఒకసారి. మిగిలిన ఏడు గళ్ళూ ఖాళీ. మనిషి లేని స్థలంలో పక్కవాడు పాక వేసుకోవడం మా వంశం చూడనిది కాదు. కానీ ఒక్క రాత్రిలో, తాళం వేసిన గదిలో, అదీ నేను కట్టిన జాబితాలో!

రమణమ్మ కళ్ళజోడు సర్దుకుని చాలాసేపు తెర చూసింది.

"రాజుగారూ, ఒకటి సెప్పనా? మీరు ఎతికినోళ్ళే పోయేరు. ఎతకనోళ్ళు సల్లగా ఉన్నారు."

"అయితే మా అల్లుణ్ణి కూడా ఓసారి ఎతకండి బాబూ" అంది నూకాలమ్మ.

నాయుడుగారు నవ్వలేదు. "ముఠా బుచ్చయ్యపేటలో ఇయ్యాళా రేపూ ఉంటాది. ఎల్లుండి జిల్లా దాటి ఎల్లిపోతాది. మళ్ళీ పదిహేను రోజులకి గాని రాదు. అప్పటికి ఆ తోటల్లో రసముండదు, పొయ్యిలోకి పుల్లలే. సాయంత్రం ఐదులోగా పదకొండు పేర్లూ వరస నంబర్లతో నా బల్ల మీదుంటే, రేపు పొద్దున్నే ముఠాని ఎనక్కి తిప్పుతాను. పేరు లేకుండా తిప్పితే మిగతా ఊళ్ళోళ్ళు నన్నే కొడతారు."

"ఆ పదకొండు మంది ఎవరో మీకు గుర్తులేదా?" అన్నాను ఆశగా.

"గుర్తుండీది బైండు పుస్తకానికి. దాన్ని మీరు పాత సామాన్లోడికి ఎయ్యించీసినారు కదా."

నూకాలమ్మే దారి చూపింది. "వరసలో నిలబడి చీటీలు తీసుకున్నోళ్ళం. నా ముందెవులో, నా ఎనకెవులో నాకు తెల్దేటి? ఆళ్ళనడిగితే ఆళ్ళ ముందూ ఎనకా సెప్తారు. పదండి."

ఆ రోజు నా మోపెడ్ పొద్దున్నే ఏనుగు రాయి దగ్గర మొరాయించింది. నూకాలమ్మ ఆటో ఎక్కింది. రమణమ్మ స్కూటీ నడిపింది, నేను వెనక కూర్చున్నాను. నిటారుగానే కూర్చున్నాను. ఆ దారిలో గోతులు తక్కువేమీ కాదు. ప్రతి గోతికీ నా తల ఆకాశంలోకి లేచి, వంశగౌరవంతో సహా కిందకు దిగేది. "కొంచెం వంగి పట్టుకోండి రాజుగారూ, పడిపోతారు" అని రమణమ్మ మొత్తుకుంది. వడ్డాది చేరేసరికి పట్టుకున్నాను. వంగాను కూడా. ఎవరూ చూడలేదు.

ఆ తరవాత నేనే బంట్రోతునయ్యాను. గుమ్మం గుమ్మానికీ వెళ్ళి ఒకే ప్రశ్న. "మీ చీటీ నంబరెంత? మీ ముందెవరు?" మా దివాణం గుమ్మంలో ఎన్ని తరాలవాళ్ళు నిలబడ్డారో, వాళ్ళ మనవల గుమ్మాల్లో నేను చేతిలో నోటుపుస్తకంతో నిలబడ్డాను. వాళ్ళు నిలబడనిస్తేగా!

"ఒసే, దివాణంవారి బాబొచ్చేరు, కుర్సీ ఎయ్యే! మంచినీళ్ళు తే!"

"ఇప్పుడేమీ వద్దండీ, నంబరు చెబితే..."

"నంబరెక్కడికి పోద్ది బాబూ, ముందు చెరుకురసం తాగండి."

నంబరు ఎక్కడికి పోతుందో నాకు తెలుసు. చెప్పలేకపోయాను. అడిగినవాళ్ళకు రమణమ్మ "సర్వే" అని చెప్పింది. అయిదో ఇంటికి నా కడుపు కుండలా అయింది. ఏడో ఇంట్లో మజ్జిగ. తొమ్మిదో ఇంట్లో తేగలు. మూడున్నరకు పది పేర్లు వచ్చాయి. పదకొండోది లేదు.

ఎండలో ఊరంతా మళ్ళీ తిరిగాం. ముప్పై మూడు ఉంది, ముప్పై అయిదు ఉంది, మధ్యది లేదు. నాలుగయింది. చేసేది లేక నూకాలమ్మ అరుగు మీద కూలబడ్డాను. పొద్దుటి నుంచి ఆవిడ మాతోనే ఇల్లిల్లూ తిరుగుతోంది. విసనకర్రతో నాకు విసురుతూ అడిగింది.

"ఎంతమంది అయ్యేరు బాబూ?"

"పదిమంది. ముప్పై నాలుగో నంబరువాడు ఒక్కడు దొరకడం లేదు."

విసనకర్ర ఆగింది. ఆవిడ పైట కొంగు ముడి విప్పి, చీటీ నా ముక్కు ముందు పెట్టింది.

రమణమ్మ నవ్విన నవ్వుకు పక్కింటి గేదె తాడు తెంపుకుంది. సామెతలో పిల్ల చంకలో ఉంది. నా పిల్ల నాకు విసురుతోంది.

నవ్వు ఆగాక ఇక దాచడం నాకు చేతకాలేదు. "నూకాలమ్మగారూ, ఊళ్ళో సర్వే అన్నాంగాని, మీ పేర్లు పోగొట్టింది పెట్టె కాదు, నేనే."

"తెలుసు బాబూ. పెట్టె తప్పయితే మీరిలా సెవటలు కారేలాగ తిరుగుతారేటి?" అని మళ్ళీ విసరసాగింది. "పోనీండి. మాకు పేరు పోనాది, తోట ఉన్నాది. మీకు తోట పోనాది, పేరుండిపోనాది. ఎవులికి ఏటి పోనాదో దేవుడికెరుక."

నేను తల దించుకున్నాను. నా జ్ఞాపకంలో అదే మొదటిసారి.

ఆవిడ దూరంగా చూస్తూ అంది, "మీ తాతగారు గుర్రం మీద పొలాలు సూడ్డానికొచ్చీవోరు. ఏది సూస్తే అది మాదే అనీవోరు. మా మావ పెంచిన పనసచెట్టు సూసేరు, మాదే అన్నారు. తరవాత దివాణం అమ్ముడైపోనాది, మీ సొత్తుతో పాటు మా సెట్టు కూడా ఎల్లిపోనాది. సూడ్డానికొచ్చినాయన సూసెల్లిపోతే సాలదేటి బాబూ?"

నేను అరుగు మీంచి లేచి నిలబడ్డాను. పిడుగు పడితే మనిషి అలాగే లేస్తాడనుకుంటాను.

"రమణమ్మగారూ! ట్రూ!"

"ఏటి నిజం?"

"నేను రాసినది! దొరికినవాళ్ళ మీద హక్కు నాదే అని రాశాను!"

దాని అర్థం అప్పుడు బుర్రకెక్కింది. హక్కున్న జాబితా పోయేటప్పుడు, లోపల ఉన్నవాళ్ళను తన వెంట తీసుకుపోతుంది. నేను కిటికీ మూయగానే చావడి కూలింది, కూర్చున్న పదకొండు మంది మీద కూలింది. అసలు జాబితాలో వాళ్ళ చోట ఖాళీ జాగాలు మిగిలాయి. మధ్యాహ్నం వచ్చిన కొత్తవాళ్ళకు కంప్యూటరు ఆ జాగాలే ఇచ్చింది. చూసి వెళ్ళిపోవలసినవాడు సొంతదారు అయితే ఏమవుతుందో మా తాతగారు గుర్రం మీద నిరూపించారు, నేను కుర్చీలో నిరూపించాను.

తిరుగుదారిలో స్కూటీ మీద వంగే కూర్చున్నాను. అయిదుకు పది నిమిషాలుండగా పదకొండు పేర్లు నాయుడుగారి బల్ల మీద పెట్టాను, కాగితం మీద. ఆయన చదివి, ఫోను అందుకుని, "మేస్త్రీ, రేపు పొద్దున్నే వడ్డాది. మొదట నూకాలమ్మ తోట" అన్నారు. తన కుర్చీ వీపు చూపించి, "కాసేపు ఆనుకోండి బాబూ" అన్నారు, అంతే. నన్ను తిట్టినవాళ్ళందరినీ మరిచిపోయాను గాని, ఆ మాట మరిచిపోలేదు.

ట్రూ చెరిపి ఫాల్స్ అని కొట్టాను. ఒక్క మాట. రమణమ్మ పక్కన కుర్చీ వేసుకుని, పదకొండు మందినీ మళ్ళీ ఎక్కించి, పదిసార్లు వెతికించింది. ప్రతిసారీ కిటికీ మూసి, తెరిచి, వేలితో లెక్కపెట్టి, "ఉన్నారు... ఉన్నారు... ఇప్పుడు కూడా ఉన్నారు" అంటూ పోయింది. ఆ మర్నాడే ఆమె ఒక కొత్త బైండు పుస్తకం కొనుక్కొచ్చి నా బల్ల మీద పెట్టింది. రెండు చేతులా తీసుకున్నాను.

నూకాలమ్మ తోట ఎండకుండా కోతకు వచ్చింది. ఆ ఏడు మొదలు, ప్రతి ఏడూ కొత్త బెల్లం దిమ్మ ఒకటి అరిటాకులో చుట్టి మా గుమ్మానికి పంపుతుంది. ఎవరు పంపారని అడిగితే తెచ్చినవాళ్ళు 'ముప్పై నాలుగు' అంటారు. ఇప్పుడు నేను ఈ కంప్యూటరు పనే చేసుకుని బతుకుతున్నాను, పిల్లలకు నేర్పుతున్నాను. నా దగ్గర చేరిన ప్రతివాడికీ మొదటి పాఠం వడ్డాది అరుగు మీద విన్నదే. పుస్తకంలో చదవనివాణ్ణి విసనకర్రతో చదివించిన ఆవిడకూ, తెర చూసి తప్పు పట్టిన రమణమ్మకూ, ఆనుకోమన్న నాయుడుగారికీ చెప్పుకోవలసిన కృతజ్ఞత నేను చెప్పుకోలేదు. మావాళ్ళు నాకు ఆ మాట నేర్పలేదు. అందుకే ఇలా రాస్తున్నాను.

తోట కోసిన వారం నూకాలమ్మకు సంగతంతా వివరించాను. "మా వంశంలో నాకు హక్కు లేదు అని మళ్ళీ ఒకడు రాసిచ్చాడండీ" అన్నాను.

ఆవిడ బెల్లం ముక్క నా చేతిలో పెట్టి, "పోనీండి బాబూ. మీవోళ్ళు ఒకటి రాసిచ్చినాక ఎవులూ ఏడవకపోడం ఇదే మొదలు" అంది.

కాబట్టి, పనసకాయల జిగురు అంటిన మా వంశ ఖడ్గం మీద చేయి వేసి, ఏనుగు లేని ఏనుగు రాయి సాక్షిగా, పదకొండు మంది వడ్డాది రైతుల పేర్లను వరస నంబర్లతో ఉచ్చరించి ప్రమాణం చేస్తున్నాను: ఇక మీదట నేను దేన్ని వెతికినా, దొరికినదాన్ని కళ్ళారా చూసి, దండం పెట్టి, ఎక్కడిది అక్కడే వదిలేసి వస్తాను. బెల్లం దిమ్మకు మాత్రం ఈ ప్రమాణం వర్తించదు. దాని మీద హక్కు నాదే.